పంక్తి డోలు

పింగళ ఏటి మీద పొద్దు పొడిచింది. నీటి మీద ఎరుపు, ఇసుక మీద పసుపు, ఆవలి గట్టున నీలకుండి కోట బురుజుల మీద బంగారు మెరుపు. వేసవి కావడంతో ఏరు మోకాటి లోతుకు తగ్గి, నడుమ అరకోసు వెడల్పున ఇసుక మేట బయటపడింది. అంత చక్కటి చోటును, అంత చక్కటి ఉదయాన్ని ఎదురెదురుగా పెట్టుకుని, ఒక్క తల్లి బిడ్డలైన రెండు సైన్యాలు కత్తులు నూరుకుంటున్నాయి.

సూర్యుడు నడినెత్తికి రాగానే యుద్ధం. రెండు పక్షాలకూ ముహూర్తం పెట్టింది ఒకే జ్యోతిష్కుడు. ఇద్దరి దగ్గరా శాలువా పుచ్చుకుని, ఇద్దరికీ జయం రాసిపెట్టి ఉందని నమ్మబలికి, తాను మాత్రం పెళ్ళాం బిడ్డలతో నిన్ననే పొరుగు రాజ్యం చేరుకున్నాడు.

ఈవల గట్టున యువరాణి విరజ సైన్యం ఆరువేలు. ఆవల గట్టున ఆమె పినతండ్రి ప్రచండవర్మ సైన్యం పన్నెండువేలు. మహారాజు కన్నుమూసిన పదమూడో రోజునే ప్రచండవర్మ కోట తలుపులు మూయించి సింహాసనం మీద కూర్చున్నాడు. ఆనాటి నుంచి దేశం రెండుగా చీలింది. రెండు వైపులా అవే ఎర్ర తలపాగాలు, అవే కొమ్ముబూరల పిలుపులు. ఎవరు తనవాళ్ళో తెలియడం కోసం యువరాణి సేనాపతి మైలారు తన సైనికుల తలపాగాల్లో వేపరెమ్మ దోపించాడు.

మైలారు పుట్టుకతో క్షత్రియుడు కాడు. గుర్రాలను మచ్చిక చేసే సాహిణి కొడుకు. ముప్పై ఏళ్ళకే సేనాపతి దండం చేత పట్టాడు. అటువైపు ముందు వరసను నడిపేది కూడా ఒక సాహిణి కొడుకే. అతని పేరు బొల్లన. మైలారుకు సొంత అన్న.

"ఏరు దాటి ముందే మీద పడదాం దేవీ. మధ్యాహ్నం దాకా ఆగితే పన్నెండువేల మందికి మనం ఒక పూట పని" అన్నాడు మైలారు గుడారంలో.

విరజ తల అడ్డంగా ఊపింది. ఆమెకు పాతికేళ్ళు లేవు. నాలుగు నెలలుగా గుడారాల్లో ఉండి ఎండకు నల్లబడింది.

"ఇవాళ చచ్చేవాళ్ళ పెళ్ళాలు రేపు నా దగ్గరికే వస్తారు సాహిణీ. నీ మొగుణ్ణి నేనే చంపించానమ్మా, ఇక నిన్ను నేనే ఏలతాను అని చెప్పమంటావా? మీ అన్న మీద నువ్వు కత్తి ఎత్తగలవా? నిజం చెప్పు."

మైలారు గుడారం తెర తొలగించి ఆవలి గట్టు వైపు చూశాడు.

"పంక్తి డోలు కావాలి నాకు. మధ్యాహ్నం లోపల" అంది విరజ.

నీలకుండి రాజ్యంలో పంక్తి డోలు అంటే తెలియని సైనికుడు లేడు. కొలువులో చేరిన మొదటిరోజు ప్రతివాడూ ఆ డోలు చప్పుడుకు ఆయుధం నేల మీద పెట్టి, రాజు పక్కన, మావటి పక్కన, ఎవడి పక్కన చోటుంటే వాడి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ప్రమాణం చేస్తాడు. డోలు మోగాక, ఆఖరివాడు తిని లేచేదాకా ఎవడూ ఆయుధం ముట్టడు. ఎవడైనా ముట్టాడా, పంక్తి తెగిపోతుంది, మిగతావాళ్ళకు కట్టు విడిపోతుంది. కానీ ఆ మొదట ముట్టినవాడి మాట ఆ దేశంలో ఏ సైనికుడూ మళ్ళీ వినడు. వాడితో కలిసి ఎవడూ భోజనానికి కూర్చోడు. పంక్తిలో వడ్డించిన చెయ్యే రాజు చెయ్యి. విరజ తండ్రి, తాత, ముత్తాత, అందరూ పట్టాభిషేకం నాడు ముందు గరిటె పట్టి, తరవాతే కిరీటం పెట్టుకున్నారు. ప్రచండవర్మ మాత్రం డోలు మోగించనే లేదు. దాన్ని కాల్చిపారేయమన్నాడని చెప్పుకుంటారు.

"కాల్చలేదు. ఓబయ్య మా నాన్న చేతి కింద నలభై ఏళ్ళు వండాడు. అతను కాల్చడు. డోలు తెస్తే, రెండు సైన్యాలకూ నా చేత్తో వడ్డిస్తాను. వంట బళ్ళు సిద్ధంగా ఉన్నాయి" అంది విరజ.

జాము పొద్దెక్కేసరికి సేనాపతి మైలారు లేడు. భుజాన కావడి, కావడిలో గుమ్మడికాయలు, మొహాన మసి, నడుముకు చిరిగిన గోచీతో ఒక మోతగాడు కోట పడమటి వాకిట్లో నిలబడ్డాడు. వాకిలికి పైన ఇత్తడి మొగం ఒకటి వేలాడుతోంది. కొలువులో కొత్తగా చేరిన మాంత్రికుడు ధూమ్రకంబళుడు కట్టించాడు దాన్ని. కింద నిలబడి ఎవడు అబద్ధమాడినా అది పీక పగిలేలా అరుస్తుంది. నిన్న ఆ అరుపుకు చిక్కిన నలుగురి తలలు పక్కనే ఈటెల మీద ఉన్నాయి.

"ఎవడివిరా?" అన్నాడు కావలివాడు.

"గుర్రాలు కాసేవాడి కొడుకునయ్యా."

ఇత్తడి మొగం కిక్కురుమనలేదు.

"ఏం పని మీద వచ్చావు?"

"వంటశాలకి గుమ్మడికాయలు ఇచ్చి పోవాలయ్యా."

"ఎవరి మనిషివి?"

ఇత్తడి కళ్ళు రెండూ కిందికి వాలి మైలారునే చూస్తున్నాయి.

"నీలకుండి సింహాసనం మనిషినయ్యా. పుట్టిన కాణ్ణించీ."

మొగం ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత కళ్ళు మూసుకుంది. కావలివాడు కావడిలోంచి ఒక మంచి కాయ ఏరి తన కోసం ఉంచుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు.

వంటశాలలో పెదవంట ఓబయ్య గంగాళాల నడుమ చెమటలు కారుస్తూ తిరుగుతున్నాడు. మోతగాడి మసి మొహం చూశాడు, ఎడమ చెవి మీద గుర్రం కొరికిన మచ్చ చూశాడు.

"చంపావు కదరా సాహిణీ! ఇక్కడికొచ్చావేంట్రా?" అన్నాడు గుసగుసగా.

"డోలు కోసం మామా."

ఓబయ్య మారుమాట్లాడకుండా కొట్టులోకి నడిచాడు. మూలన ఆవకాయ జాడీలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని పక్కకు జరిపి, కింద పీటలా ఉన్నదాని మీది గోనెపట్టా లాగేశాడు. పనస కర్ర డోలు. తోలు మీద నూనె మరకలు, అంతే.

"రాజు కాల్చమంటే పాత పిండి తొట్టి ఒకటి కాల్చి బూడిద చూపించాను. సరే గానీ, నీకొకటి చెప్పాలి. ఈయన పన్నెండువేల మంది ఉన్నారంటాడా? నేను వండేది ఆరువేల మందికేరా. మిగిలిన ఆరువేలూ ఒక్క పూటా ఒక్క ముద్ద అడగలేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు."

"తినకుండా ఎలా ఉంటారు మామా?"

"నేనూ అదే అనుకుని మొన్న ఒకడి చెయ్యి పట్టి చూశాను. చొక్కాలో చెయ్యి లేదు, గడ్డి ఉంది. చేలల్లో దిష్టిబొమ్మలన్నీ వారం నుంచి మాయమయ్యాయని రైతులు మొత్తుకుంటున్నారు చూడు, అవే. మసి కుండకి మొహం పెట్టి తలపాగా చుట్టాడు ఆ ముదనష్టపు మాంత్రికుడు."

మైలారు గుండె తేలికపడింది. డోలు మోగితే మనుషులందరూ కూర్చుంటారు. గడ్డి బొమ్మలు గడ్డి బొమ్మల్లా నిలబడి ఉంటాయి. ప్రచండవర్మ బండారం అందరి కళ్ళముందూ బట్టబయలవుతుంది. అంతే అనుకున్నాడతను. ఓబయ్య కూడా అంతే అనుకున్నాడు. పంక్తి డోలు మోగాక కూడా కత్తి పట్టుకుని ఉండేవాడు ఒకడుంటాడని నీలకుండిలో పుట్టినవాడి బుర్రకు తట్టదు.

కొట్టు గుమ్మంలోకి పొగ వచ్చింది. పొయ్యిల పొగ పైకి పోతుంది. ఇది నేల బారున పాకుతూ, జాడీల సందుల్లో దేవులాడుతూ వచ్చింది. వెనకే సన్నటి దగ్గు.

"ఓబయ్యా, నీ వంటింట్లో గుర్రం వాసన వస్తోందేం?"

ధూమ్రకంబళుడి గొంతు అది. ఓబయ్య గరిటెతో నేల మీద ఒక చదరపు బండను చూపించాడు. దాని కింద గంజి కాలువ. ఆరువేల మంది అన్నం వార్చిన గంజి ఆ కాలువలోంచే కోట గోడ కింద నుంచి ఏటిలోకి పోతుంది.

మైలారు బండ లాగి, డోలు గుండెలకు హత్తుకుని దూకేశాడు. అప్పుడే వార్చిన గంజి. వీపంతా కమిలిపోయింది. అరవడానికి నోరు తెరిస్తే గంజి నోట్లోకే వస్తుంది కనుక పళ్ళు బిగించాడు. చీకటి సొరంగంలో, నాచు మీద, బాణంలా జారుతూ పోయాడు. వెనక పొగ తరుముకొస్తోంది. కాళ్ళకు చుట్టుకుంది, మోకాళ్ళకు చుట్టుకుంది, నడుము దగ్గర బిగిసింది. ఇంతలో పైన ఓబయ్య నిండు గంగాళం కుమ్మరించినట్టున్నాడు, పెద్ద కెరటం వచ్చి పొగను చెదరగొట్టి మైలారును కోట బయటి ఏటి నీళ్ళలోకి విసిరేసింది.

తల పైకెత్తేసరికి శంఖం వినిపించింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

రెల్లు పొదల చాటున ముందే కట్టేసిన గుర్రం మీదికి ఎక్కి, జీనుకు వదిలి వెళ్ళిన దండం, కత్తి నడుముకు దోపుకుని, ఒంటి చేత్తో డోలు, ఒంటి చేత్తో జూలు పట్టుకుని మేట మీదికి దౌడు తీయించాడు. కుడివైపు నుంచి వేపరెమ్మల తలపాగాలు, ఎడమవైపు నుంచి ఉత్త తలపాగాలు పరుగున వస్తున్నాయి. ఏనుగులు ఘీంకరిస్తున్నాయి. మొదటి బాణాలు రేగాయి. ఒకటి మైలారు భుజం గీరుకుంటూ పోయింది. అది ఎవరి బాణమో చూసే వ్యవధి లేదు. రెండు వరసల నడుమ ఇక నూరు బారల ఇసుక మిగిలింది. అక్కడ దూకి, కత్తి ఇసుకలో పెట్టి, డోలు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, అరచేతులతో మోదాడు.

ధం ధం ధం. ఒక్క విరామం. ధం ధం ధం.

ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఆగాయి. ఒకడు బల్లెం కింద పెట్టాడు. పక్కవాడు పెట్టాడు. తరవాత ఇసుక మీద ఇనుము పడే చప్పుడు రెండు వైపులా జల్లుగా సాగింది. పన్నెండువేల మంది మనుషులు, రొప్పుతూ, చెమటలు కారుస్తూ, ఎక్కడివాళ్ళక్కడే బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. వేపరెమ్మకు ఎదురుగా ఉత్త తలపాగా. విరజ గుర్రం దిగి, ఒర, కత్తి నేల మీద పెట్టి, ముందు వరసలో సామాన్యుడిలా కూర్చుంది.

మైలారుకు పది బారల ఎదురుగా బొల్లన కూర్చుని ఉన్నాడు. మీసం నెరిసింది. చిక్కిపోయాడు.

"ఒరే మైలారా, ఒళ్ళేంట్రా అట్లా కాలింది?" అన్నాడు బొల్లన.

నాలుగు నెలల తరవాత అన్న నోటి నుంచి విన్న మొదటి మాట అది. మైలారు కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

అప్పుడు అందరూ చూశారు, కూర్చోనివాళ్ళు ఉన్నారని. బొల్లన సైనికుల నడుమ నడుమ ఆరువేల ఆకారాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఎండలో వాటి మొహాల మసి నిగనిగలాడుతోంది. మెడ దగ్గర గడ్డి పోచలు గాలికి కదులుతున్నాయి. "దిష్టిబొమ్మల్రోయ్!" అని ఎవరో అరిచారు. ఇన్నాళ్ళూ గడ్డిబొమ్మ పక్కన భుజం కలిపి నడిచామా అని సిగ్గుతో, కోపంతో ప్రచండవర్మ సైనికులు తల తిప్పి తమ రాజును చూశారు.

ఏనుగు మీద ప్రచండవర్మ నవ్వాడు. అతని వెనక, కోట నుంచి పొగ మీద తేలి వచ్చిన ధూమ్రకంబళుడు రెండు వేళ్ళు ఎత్తాడు.

"కోయండి" అన్నాడు మాంత్రికుడు.

గడ్డిబొమ్మ ఒకటి కత్తి ఎత్తి పక్కన కూర్చున్నవాడి మెడ నరికింది.

అతను బొల్లన సైనికుడే. ప్రచండవర్మ కొలువువాడే. పక్కనున్నవాడి చెయ్యి తన బల్లెం వైపు పోయి, వేలెడు దూరంలో ఆగింది. గడ్డిబొమ్మ ప్రమాణం చేసినది కాదు కనుక పంక్తి తెగలేదు, మనిషి ముట్టుకుంటే తెగుతుంది. తెంపినవాడుగా బతకాలి. అటుపక్కవాడు ముడతాడేమోనని ఇతను చూశాడు, ఇటుపక్కవాడు ముడతాడేమోనని అతను చూశాడు. రెండో తల తెగింది. మూడోది. కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు గానీ ఒక్కడూ లేవలేదు.

తాను చేసిన పని ఏమిటో మైలారుకు అప్పుడు అర్థమైంది. పన్నెండువేల మంది చేతుల్లోంచి ఆయుధాలు తీసేసి వధ్యశిల మీద కూర్చోబెట్టాడు. శత్రువు ఏడాది పోరాడినా చెయ్యలేని పని తన రెండు అరచేతులతో చేశాడు.

విరజ కూడా అర్థం చేసుకుంది. ఆమె చెయ్యి నేల మీద ఉన్న కత్తి వైపు కదిలింది.

"దేవీ, వద్దు!"

"నా మనుషులు చస్తున్నారు సాహిణీ!"

"మీరు ముడితే రేపు వీళ్ళకి రాజు ఉండడు. మీ బాబాయే గతి."

"ఎవరో ఒకరు ముట్టాలి కదా!"

"అవును" అన్నాడు మైలారు.

పదహారేళ్ళప్పుడు గుర్రపు లాయంలో పేడ ఎత్తినవాడు. మెట్టు మెట్టుగా ఎక్కి, ఆరువేల మంది తన కంటి సైగకు కదిలే చోటికి వచ్చినవాడు. ఆ దండం అంటే అతనికి ప్రాణం. కాదంటే అబద్ధం. దాన్ని నడుము నుంచి తీసి, ఎదురుగా కూర్చున్న అన్న ఒడిలోకి విసిరాడు. వంగి, ఇసుకలోంచి కత్తి తీసి, మేటంతా వినపడేలా అరిచాడు.

"పంక్తి తెంపాను! సాహిణి మైలారు తెంపాడు! అందరూ చూడండి!"

కట్టు విడిపోయింది. పన్నెండువేల చేతులు ఆయుధాల మీద పడ్డాయి.

"కాళ్ళు నరకండి, గడ్డికి గుండె ఉండదు!" అని మైలారు కేక పెట్టాడు. నాలుగు నెలలుగా అతని మాట మీద నిప్పులోకి నడిచినవాళ్ళు అతని పక్క నుంచే, అతని వైపు చూడకుండా, దాటిపోయారు. ఒక్కరూ ఆ మాట వినలేదు. ఎవరికి తోచిన దిక్కున వాళ్ళు పరిగెడుతున్నారు. గడ్డిబొమ్మలు వరస తప్పకుండా నరుక్కుంటూ వస్తున్నాయి.

మైలారు అన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పన్నా! దండం నీ దగ్గరుంది, రెండు పక్షాల వాళ్ళూ నీ మాట వింటారు. చెప్పు!"

బొల్లన ఒడిలోని దండం వైపు చూశాడు, ఏనుగు మీద ఉన్న తన రాజు వైపు చూశాడు. సింహాసనం మీద ఎవరుంటే వాళ్ళ ఉప్పు తిన్నట్టేనని నమ్మి నాలుగు నెలలు తమ్ముడికి ఎదురు నిలబడ్డ మనిషి. ఆ సింహాసనం ఇప్పుడు అతని సైనికుల తలలే నరికిస్తోంది. దండం పట్టుకుని లేచాడు.

"ఒరే, వేపాకూ లేదు, గీపాకూ లేదు! అంతా ఒక్కటే దండు! వంట బళ్ళ దగ్గర పొయ్యిలున్నాయి, కొరకంచులు పట్టుకు రండి! కాల్చేయండి!"

ఆ కేకతో రెండు సైన్యాలు ఒకటిగా కదిలాయి. విరజ వడ్డించడానికి తెప్పించిన బళ్ళ కింద నుంచి మండే కట్టెలు చేతులు మారుతూ ముందు వరసకు చేరాయి. ఎండిన గడ్డి, వేసవి గాలి. మొదటి బొమ్మ భగ్గుమంది. దాని నుంచి పదిహేను. కుండ తలలు టపటపా పగిలాయి. ప్రచండవర్మ ఏనుగు బెదిరి, మావటిని విసిరికొట్టి, కోట వైపు పరుగు తీసింది. సైనికుల కేకలు మిన్నుముట్టాయి. విరజ మంటల నడుమ గాయపడ్డవాళ్ళను ఈడ్చుకొస్తోంది.

కానీ ఆరువేల గడ్డిబొమ్మలు కాలితే వచ్చే పొగ సామాన్యమా! మేటంతా కమ్మేసింది. ఆ పొగే ధూమ్రకంబళుడికి ప్రాణం, బలం, ఆయుధం. అతను చేతులు చాచాడు. చెదిరిన పొగ అంతా ఒక్కచోటికి చుట్టుకుంటూ, తాడి చెట్టంత లేచి, రెక్కలు విప్పింది. గద్ద. దాని గోళ్ళు కిందికి దిగి, గాయపడ్డ సైనికుడి మీద వంగి ఉన్న విరజను నడుము పట్టి ఎత్తుకున్నాయి.

"సాహిణీ!" అన్న ఆమె కేక పైనుంచి పడింది.

బొల్లన నాలుగు అంగలు వేసి ఆగాడు. ఎడమ పక్కన రెండువేల బొమ్మలు ఇంకా మండలేదు. ఇప్పుడు వరస వదిలితే వెనకున్నవాళ్ళంతా చస్తారు. మైలారు అప్పటికే గుర్రం మీద ఉన్నాడు.

"ఆశ్వికులారా, నాతో రండి!" అని అరిచాడు, అలవాటు కొద్దీ. అతను స్వయంగా నేర్పిన యాభై మంది రౌతులు అక్కడే ఉన్నారు. తలలు దించుకున్నారు. ఒకతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అతని గుర్రం రెండడుగులు ముందుకు వేస్తే, అతనే కళ్ళెం లాగి ఆపాడు.

గద్ద కోట బురుజులు దాటి, ఉత్తరాన నల్లకొండల వైపు మళ్ళింది. ఆ కొండల్లోకి పోయినవాళ్ళు తిరిగి వచ్చిన దాఖలా లేదు. మైలారు చేతిలో కత్తి తప్ప ఏమీ లేదు. కాలిన వీపు మీద గాలి తగిలి మంట పెడుతోంది. కొండల వైపు ఒకసారి, రౌతుల వైపు ఒకసారి చూసి, సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు.

బొల్లన పరుగున వచ్చి గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. పంక్తి తెంపినవాడితో మాట్లాడకూడదని ధర్మంలో లేదు. వాడి మాట వినకూడదని మాత్రమే ఉంది. వాడికి ఆజ్ఞ ఇవ్వకూడదని అసలే లేదు. బొల్లన తన నడుముకున్న నీళ్ళ తిత్తి విప్పి తమ్ముడి జీనుకు కట్టాడు. ముడి రెండుసార్లు జారింది. తరవాత దండం ఎత్తి, యాభై మంది రౌతులకూ వినపడేలా గట్టిగా అన్నాడు.

"రౌతు మైలారూ! యువరాణిని తీసుకురా. నాకు వరస ఉంది, నేను రాలేను. నువ్వు వెళ్ళు. ఇది సేనాపతి ఆజ్ఞ!"

మైలారు జీను మీద నిటారుగా కూర్చున్నాడు. ఇందాకటిదాకా తన నడుమున ఉన్న దండానికి తల వంచాడు.

"చిత్తం సేనాపతీ" అన్నాడు అన్నతో.

గుర్రాన్ని ఉత్తరానికి తిప్పి, పొగలోకి దౌడు తీయించాడు.